ముందుకొచ్చే రొయ్య

మర్రిగూడకు పడమర గుట్టల్లోంచి దిగివచ్చే రాళ్లవాగులో ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే చోటు ఒక్కటే. దాన్ని నల్లమడుగు అనేవారు. లోతు మరీ ఎక్కువ కాదు. అడుగునంతా నడుమెత్తు బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి. వాటి కింద మనిషి చెయ్యి అందని సందులు, ఆ సందుల్లో రొయ్యలు. చెరువు మట్టిలో దొరికే పిప్పి రొయ్య కాదది. మధ్యవేలంత పొడుగు, ముందుకు చాచిన సన్నటి చేతులు, నిప్పుల మీద వేస్తే ఇటుక రంగు.

మడుగు ఒడ్డున ఆరు బెస్త ఇళ్లుండేవి. ఇంటికొక బండ వంతు. ఎవరి బండ దగ్గర వాళ్లే బుట్ట దించాలి. తండ్రి బండ కొడుక్కు వస్తుంది. వానలు తగ్గి నీళ్లు తేరుకున్నాక, బుట్టలు దించే రోజు ఏదో కులపెద్ద చెబుతాడు. ఆ రోజు ఏ ఇంటి మగవాడు బండ మీద నిలబడి బుట్ట దించడో, ఆ ఇంటికి ఆ బండ పోతుంది.

గాలయ్యకు కొడుకుల్లేరు. అండాలు అని ఒక్కతే కూతురు.

గాలయ్య మాటల మనిషి కాదు. ఆరు ఇళ్ల బుట్టల్లోనూ ఆయన అల్లినవే ఎక్కువ కాలం ఆగేవి. వెదురును నీళ్లలో నానేసి, ఈనెలుగా చీరి, ఒక్కొక్క ఈనెను గోటితో తడిమి చూసి గానీ అల్లేవాడు కాదు. బుట్ట నోట్లో లోపలికి వంచిన ఈనెలు ఎంత దగ్గరగా ఉండాలో ఆయనకు చేతి లెక్క. దగ్గరైతే రొయ్య దూరదు, ఎడమైతే దూరింది మళ్లీ బయటికి పోతుంది. ఎవరైనా అడిగితే చెప్పడం వచ్చేది కాదు, ఇంకో బుట్ట తీసుకుని అల్లి చూపించేవాడు.

ఆయన ఇంటి వెనక వేపచెట్టు నీడన ఒక కుడితి గోలెం ఉండేది. అంచు పగిలిపోయి పశువులకు పనికిరాకపోతే దాంట్లో వాగు నీళ్లు పోసి, అడుగున పెంకుముక్కలు పరిచి, సంత రోజు దాకా రొయ్యలను బతికించి ఉంచేవాడు. చచ్చిన రొయ్య మధ్యాహ్నానికే కంపు కొడుతుంది కదా. అట్లా ఉంచినప్పుడే మొదటిసారి ఒక సంగతి గమనించాడు. తవుడు ముద్ద వేస్తే, పెంకు కింది నుంచి ముందుగా వచ్చేది ప్రతిసారీ ఒక్కటే. ఆకలి మీద వస్తుందేమో అనుకున్నాడు. అన్నిటికీ కడుపునిండా వేసి, ఆ తర్వాత ముద్ద వేసి చూశాడు. మళ్లీ అదే వచ్చింది. కురుమలు గొర్రె చెవి కోసినట్టు దాని తోక రెక్క కొస కొంచెం కత్తిరించి గుర్తు పెట్టుకున్నాడు. రొయ్య తన ఒంటి పెంకు మార్చుకున్నప్పుడల్లా గాటు పూడుకుపోతుంది, మళ్లీ కత్తిరించాలి. గోలెం మార్చాడు, నీళ్లు మార్చాడు, చోటు మార్చాడు. గాటు ఉన్నదే ముందు వచ్చేది. దానికి పటేలు అని పేరు పెట్టాడు. ఎప్పుడు చూసినా మూల పెంకు కింద మీసాలు మాత్రం కనిపించే ఒకదానికి కొత్తకోడలు అని పేరు. పక్కదాని ముద్ద కోసమే పుట్టినట్టు కొట్లాడే ఇంకొకటి పంచాయితీ. ఆయన భార్య హనుమమ్మ బతికున్నప్పుడు, పొయ్యి మీద జొన్న గట్క మాడుతున్నా ఈయన గోలెం మీంచి లేవడని వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

ఒకసారి సంత పూట బరువు చూసి పటేలును అమ్మేశాడు. గోలెంలో మిగిలినవి రెండు మూడు రోజులు పెంకుల కింది నుంచి కదలనే లేదు. వేసిన తవుడు వేసినట్టే బూజు పట్టింది. మడుగులోంచి అట్లాంటి ధైర్యమున్నదాన్నే ఇంకొకదాన్ని తెచ్చి వేశాడు. అది ముద్ద మీదికి పోయింది. కాసేపటికి దాని వెనక ఒకటి, ఇంకాసేపటికి ఇంకొకటి. కొత్తకోడలు కూడా సగం దూరం వచ్చి ఆగింది.

అప్పటి నుంచి గాలయ్య గంగమ్మ వంతు మార్చాడు. బుట్ట లేపగానే ముందుగా ఒక రొయ్యను ప్రాణంతో నీళ్లకు విడవడం ఆ ఇళ్లన్నిటి ఆచారం. అదే గంగమ్మ వంతు. అందరూ అన్నిటికన్నా చిన్నదాన్ని చూసి విడిచేవారు. గాలయ్య తండ్రి కూడా అట్లాగే చేశాడు. గాలయ్య మాత్రం తడి చెయ్యి బుట్టలోకి చాచేవాడు. మిగతావి వెనక్కి ఎగిరేవి. వెనక్కి పోకుండా వేళ్ల మీదికి నడిచి వచ్చే ఒకదాన్ని విడిచేవాడు. అది తరచు పెద్దదే అయ్యేది. గంగమ్మకు ఇంత ఇచ్చేవాణ్ణి ఎక్కడా చూడలేదని పక్క బండ బుచ్చయ్య ఎగతాళి చేసేవాడు. బుచ్చయ్య వరసకు బావమరిది, నోరున్నవాడు, ఇద్దరు కొడుకుల తండ్రి. రెండో కొడుక్కి బండ లేదన్న బాధ అతనికి ఎప్పుడూ ఉండేది.

సాగర్ కట్ట పని మొదలైన ఏడాది అండాలు మొగుడు అక్కడికి కూలికి పోయాడు. రెండేళ్లకు, వాడు అక్కడే ఇంకొకామెతో ఉంటున్నాడని తెలిసింది. అండాలు సద్దిమూట చంకన పెట్టుకుని సాగర్ దాకా నడిచిపోయి, కళ్లారా చూసి, అట్నుంచటే తిరిగి బాపు ఇంటికి వచ్చింది. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే లేచి బయటికి పోయేది.

అప్పటికే గాలయ్య నడుము బిగుసుకుపోతోంది. ఆ ఊళ్లలో నలభై దాటిన మగవాళ్లు చాలామంది అట్లాగే అయిపోయేవారు. మెడ తిరగదు, వంగితే లేవలేరు, పళ్లు మొదటి నుంచీ గారపట్టే ఉంటాయి. అది వయసుతో వచ్చే జబ్బనే అందరూ అనుకునేవారు. బండ మీద కూర్చోగలిగినా నీళ్లలోకి వంగి బుట్ట లేపడం ఆయన వల్ల కాకుండా పోయింది. అండాలు లేపేది. అల్లడం నేర్చుకుంది. తడి చెయ్యి చాచడం కూడా చూసి నేర్చుకుంది. ఆడది బండ ఎక్కి బుట్ట లేపడం ఎక్కడుందని బుచ్చయ్య కులపెద్ద కురుమయ్యకు చెప్పాడు. కురుమయ్య చెడ్డవాడు కాదు గానీ ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు ఒరిగే మనిషి. మోయడం, అమ్మడం ఆడవాళ్ల పని, బండ మాత్రం మగవాడికే అన్నాడు. నేనున్నన్నాళ్లు నా బండే గదా అని గాలయ్య అన్నాడు. నువ్వు పోయినాక అన్న మాట ఎవరూ పైకి అనలేదు. గాలయ్యకు మాత్రం ఆ రోజు నుంచి నిద్రలో కూడా అదే. తను పోతే అండాలు దేని మీద బతుకుతుంది? భూమి లేదు, మొగుడు లేడు. వచ్చిన పనల్లా మడుగు పనే.

ఇంతలో చిట్యాల దాకా బస్సులు నడవడం మొదలైంది. పెద్దరోడ్డు మీది హోటళ్లకు రొయ్యలు కొనుక్కుపోయేవాళ్లు ఇళ్ల ముందుకే వచ్చారు. అంతకుముందు వారానికి రెండు మూడుసార్లు దించే బుట్టలను రోజూ దించసాగారు. రెండేళ్లు చేతినిండా పని. మూడో ఏటికి బుట్టలు సగం, నాలుగో ఏటికి అడుగున నాలుగైదు. గంగమ్మ అలిగిందని కోడిని కోశారు. వాగు ఎగువన ఎవరో బండ కింద చేతబడి మందు పెట్టారని అన్నారు. చివరికి కురుమయ్య వాకిట్లో అందరూ కూర్చున్నారు.

గాలయ్య పంచాయితీల్లో మాట్లాడి ఎరగడు. ఆ రోజు కట్టె ఊతగా లేచి నిలబడ్డాడు.

"మడుగుల రొయ్య తక్కువ కాలేదన్నా," అన్నాడు కురుమయ్యతో. "ముందుకొచ్చేటియి అయిపోయినయి. ఒక్కొక్క రొయ్యకు ఒక్కొక్క గుణముంటది. ధైర్యమున్నది బుట్టలకొస్తది, దాని ఎనుక ఇంకోటొస్తది. మనం రోజూ ధైర్యమున్నదాన్నే పట్టుకొని తిన్నం. దాక్కునేటియి మిగిలినయి. అయి రావు."

"అంత ధైర్యం తిన్నం గదా బావా, మల్ల మేమెందుకు గిట్లున్నం?" అన్నాడు బుచ్చయ్య. వాకిలంతా నవ్వింది. కురుమయ్య భార్య నర్సింగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

గాలయ్య నవ్వు ఆగేదాకా నిలబడి, తన మాట మళ్లీ చెప్పాడు. గంగమ్మ వంతుకు చిన్నదాన్ని కాక ముందుకొచ్చినదాన్ని విడవమన్నాడు. అట్లా విడిస్తే వాటి వెనక మిగిలినవి కదులుతాయన్నాడు. తన గోలెంలో చూపిస్తానన్నాడు.

ఈ మాటే ఆయన చేసిన తప్పు. మర్నాడే చూపిస్తానని గబుక్కున అనేశాడు. అప్పటి పటేలు, అంటే ఆ పేరుతో పిలిచే నాలుగోదో ఐదోదో రొయ్య, ఆ రాత్రి తన ఒంటి పెంకు వదిలింది. పెంకు వదిలిన రొయ్య ఒళ్లు వెన్నలా ఉంటుంది. ఎంత మొండిదైనా కొత్త పెంకు గట్టిపడేదాకా సందులోంచి రాదు. ఆ సంగతి గాలయ్యకు తెలిసినంత ఆ వాగు మీద ఎవరికీ తెలియదు. అయినా పొద్దున్నే గోలెంలో తేలుతున్న ఖాళీ పెంకు ఆయన కంట పడలేదు. చెప్పబోయే మాటలు కూడబలుక్కుంటూ కూర్చున్నాడు. మాటల మీద ధ్యాస పెట్టి చేతి పని మరిచిన రోజు ఆయన బతుకులో అదొక్కటే.

అందరూ గోలెం చుట్టూ వంగారు. తవుడు ముద్ద అడుక్కి చేరింది. ఏదీ కదల్లేదు. కురుమయ్య కాసేపు చూసి, ఏడయ్యా నీ పటేలు అని అడిగాడు.

"తాలూకా కచ్చేరికి పోయినట్టున్నడు," అన్నాడు బుచ్చయ్య. "పొద్దుమీకినంక వస్తడు తియ్."

అప్పుడు చూశాడు గాలయ్య పెంకును. వేళ్లతో తీసి చూపించి, పెంకు వదిలింది, నాలుగొద్దులు ఆగండని చెప్పాడు. ఎవరూ వినలేదు. అయినా కురుమయ్య వెళ్తూ వెళ్తూ, పోయేదేముందన్నట్టు ఒక ఒప్పందం చెప్పాడు. ఒక్క ఏడు అందరూ గాలయ్య చెప్పినట్టే ముందుకొచ్చినదాన్ని విడవాలి. రొయ్య మళ్లీ పడితే అండాలుకు బండ మీద హక్కు. పడకపోతే ఆ బండ బుచ్చయ్య రెండో కొడుక్కు.

గాలయ్య ఒప్పుకున్నాడు. అండాలు ఆ సాయంత్రం ఈనెలు చీరుతూ, బుచ్చయ్య మామ విడుస్తాడా అని ఒక్క మాట అడిగింది. పెద్దమనిషి ముందర ఒప్పుకున్నాడు కదా అన్నాడు గాలయ్య. ఆమె ఇంకో ఈనె అందుకుంది.

ఆ ఏడు గాలయ్య తను విడిచే ప్రతి రొయ్యకూ తోక కత్తిరించాడు. అవి మళ్లీ తన బుట్టలోకి వస్తే మళ్లీ విడిచాడు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు కట్టె పట్టుకుని మడుగు దగ్గరికి పోయి, బండ సందుల ముందు తవుడు, గానుగపిండి వేసి కూర్చునేవాడు. బెదురు రొయ్యలకు సందు బయట తిండి ఉంటుందని అలవాటు చేయాలని ఆయన ఆలోచన. ఒక్కొక్క రోజు మీసాలు కనిపించేవి. ఒక్కొక్క రోజు ఒక చెయ్యి బయటికి వచ్చి, ముద్దను లాక్కుని లోపలికి పోయేది. ఆ ఒక్క చెయ్యిని చూసి ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

దీపావళి ముందర ఒక పొద్దున బుచ్చయ్య ఇంటి ముందు ఎండబోసిన రొయ్యల పక్క నుంచి అండాలు నడిచి వస్తోంది. చాపలో తోక తెగినవి కనిపించాయి. ఒకటి కాదు, గుప్పెడు. ఆమె నాలుగు తీసుకొచ్చి తండ్రి అరచేతిలో పెట్టింది. గాలయ్య ఒక్కొక్క తోకను గోటితో తడిమి చూశాడు. తను విడవడం, బుచ్చయ్య పట్టడం. ధైర్యమున్నవి కాబట్టి మర్నాడే పక్క బుట్టలోకి పోయాయి. తను గుర్తు పెట్టి మరీ వాటిని అతని చాప మీదికి పంపినట్టయింది.

ఏడు తిరిగాక పంచాయితీలో గాలయ్య ఆ తోకలు చూపించాడు. బుచ్చయ్య తడుముకోలేదు.

"వాగుల తిరిగే రొయ్యకు తోక తెగదా బావా? రాళ్లకు తెగింది. నీ పేరేమన్న చెక్కినవా దాని మీద?"

కురుమయ్య నేల చూపులు చూశాడు. అతనూ చిన్నవే విడిచాడు. ఆరు ఇళ్లలో ఐదు ఇళ్లూ చిన్నవే విడిచాయి. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ గాలయ్య మొహం చూడలేదు. బండ సంగతి వచ్చే కాలానికి చూద్దామని కురుమయ్య లేచాడు.

వచ్చే కాలం రాలేదు. అరవై ఐదులో వానలు మొహం చాటేశాయి. తర్వాతి ఏడూ అంతే. బావుల్లో బొక్కెన అడుగు తాకింది. రాళ్లవాగు ఇసుక తేలింది. నల్లమడుగు ఎండడం ఆ ఇళ్లలో ఎవరి తాతలూ చూడలేదు. అది కూడా మోకాలి లోతుకు, తర్వాత చీలమండ లోతుకు దిగిపోయింది. తిండికి తుమ్మ కాయలు, చింత గింజలు ఉడకబెట్టుకుంటున్న రోజులవి. ఒక పొద్దున బుచ్చయ్య కొడుకులు గడ్డపారలు తెచ్చి నడుమ బండను పక్కకు దొర్లించారు.

బండ కింద గుంటలో రొయ్యలు కుప్పగా ఉన్నాయి. జానెడు పొడుగువి. చేతుల మీద పాచి పట్టి, నల్లబడి, ఏళ్ల తరబడి బయటికి రాకుండా బతికినవి. వెలుతురు పడగానే ఒకదాని కిందికి ఒకటి దూరాయి తప్ప ఒక్కటీ బయటికి ఎగరలేదు. ఇంకో బండ దొర్లించారు. దాని కిందా అంతే.  అందరూ చాటలు, కుండలు, కొంగులు, ఏది దొరికితే అది పట్టుకుని దిగారు.

గాలయ్య కట్టె పట్టుకుని వచ్చేసరికి గంపలు నిండుతున్నాయి. ఆయన ఒడ్డునే నిలబడ్డాడు. మొహంలో ఎన్నడూ లేని వెలుగు. ఇన్నేళ్లు ఎవరూ నమ్మనిది అందరి కళ్ల ముందర గుట్టలు గుట్టలుగా ఉంది.

"ఉన్నయని చెప్పలేదా? రొయ్య తక్కువ కాలేదు, దాక్కున్నయని నేను చెప్పలేదా అన్నా?"

అండాలు ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన ఆగలేదు. అన్నీ తీయకండి, సగం విడిచిపెట్టండి, కొంచెం నీళ్లు మిగిలిన గుంట ఒకటి వదిలేస్తే మళ్లీ వాన పడ్డప్పుడు విత్తనం ఉంటుందని అరిచాడు.

"సూడు, ఇంకా దాస్తనే ఉన్నడు," అన్నాడు బుచ్చయ్య.

ఆ మాట ఎగతాళిగా అన్నాడో నిజంగా అన్నాడో గానీ, ఈసారి ఎవరూ నవ్వలేదు. నర్సింగమ్మ నిండిన చాట పక్కన పెట్టి నిలబడింది. పగటిపూట ఎవరూ లేని వేళ ఈయన ఒక్కడే వచ్చి బండల ముందు కూర్చోవడం, గుప్పిట్లోంచి ఏదో వేయడం తను కళ్లారా చూశానని చెప్పింది. ఇంకొకరు కూడా చూశామన్నారు. గోలెం మాట వచ్చింది, తోకల మాట వచ్చింది. తోక కత్తిరించేది ఎందుకు, మంత్రంతో రొయ్యకు కట్టు కట్టడానికి కాకపోతే? ఆకలి మీద ఉన్న మనుషులు. పస్తులున్న ప్రతి రోజూ ఆ బండల కింద ఇంత తిండి ఉందని, అది ఈయన ఒక్కడికే తెలుసని వాళ్లకు అప్పుడే అర్థమైంది.

"గిన్నేండ్లు మా పిల్లల నోటికాడ కూడు బండ కింద కట్టేసినవా గాలయ్యా?" అన్నాడు కురుమయ్య. చేతిలోని గంప కింద పెట్టాడు.

బాణామతి చేసేవాడికి పళ్లు రాలగొట్టాలని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకడు రాయి కూడా తీశాడు. కురుమయ్య అడ్డం నిలబడి దాన్ని దింపించాడు, ఆ మేలు చేశాడు. గాలయ్య ఇంటికి ఆ రోజు నుంచి బండ లేదని, తండ్రీ బిడ్డా మడుగు ఒడ్డు తొక్కొద్దని అక్కడే చెప్పేశాడు. చెప్పి గంప ఎత్తుకుని ఇంటికి పోయాడు.

ఇంటికొచ్చాక అండాలు చింతగింజల కుండ పొయ్యి మీద పెట్టింది.

"ఊకుంటే ఏం పోతుండె బాపు? నోరు మూసుకొని మనం గూడ ఒక గంప నింపుకొని వస్తుంటిమి గద."

 ఆ పూట ఆరు ఇళ్లలో ఐదింట రొయ్యల వాసన వచ్చింది. వీళ్లింట్లో చింతగింజలే ఉడికాయి.

అండాలు చిట్యాల దగ్గర రోడ్డు పనికి పోయింది. అక్కడే గుడిసె వేసుకుని కంకర కొట్టేది. నెలకోసారి నూకలు తెచ్చి ఇచ్చి పోయేది. గాలయ్య గంపలు అల్లేవాడు గానీ ఆ ఇళ్లలో ఎవరూ కొనేవారు కాదు. ఆయన ఇంటి నిప్పు కూడా ఎవరూ అడిగేవారు కాదు.

ఆ మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. మడుగు నిండింది. కురుమయ్య రోజు చెప్పాడు, ఐదు ఇళ్లవాళ్లు బుట్టలు దించారు. ఏమీ పడలేదు. రెండో రోజు లేదు, నెలకూ లేదు. పడడానికి ఏముంది? ధైర్యమున్నవాటిని బుట్టలు తిన్నాయి, బెదురువాటిని గడ్డపారలు తిన్నాయి. బుచ్చయ్య రెండో కొడుకు తనకు దక్కిన బండ మీద రోజూ నిలబడి ఖాళీ బుట్ట లేపేవాడు. గాలయ్య కట్టు ఇంకా విప్పలేదని అందరూ అనుకున్నారు.

ఒక ఆదివారం అండాలు ఇంట్లో ఉండగా కురుమయ్య, బుచ్చయ్య, మిగతా ఇళ్ల పెద్దలు వాకిట్లోకి వచ్చారు. కొబ్బరికాయ, పసుపు, ఒక కోడిపుంజు తెచ్చారు. బుచ్చయ్య చెప్పులు బయటే విడిచాడు. ముందెన్నడూ విడవలేదు. కురుమయ్య గాలయ్యకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అయిందేదో అయింది. కట్టిన కట్టు ఇప్పు. నీ బండ నీ బిడ్డకిస్తం. ఆడదని ఎవ్వడు గూడ నోరెత్తడు."

గాలయ్య వాళ్ల మొహాలు వరసగా చూశాడు. కట్టు లేదు, మంత్రం లేదు, మడుగులో రొయ్య లేదు, మీరు తినేశారని చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికి అండాలు లోపలి నుంచి కొడవలి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది, కొబ్బరికాయ కొట్టడానికి. ఆయన వైపు చూడలేదు. కంకర కొట్టి కొట్టి ఆమె వేళ్ల కణుపులు పగిలి ఉన్నాయి.

గాలయ్యకు మంత్రాలు రావు. కొబ్బరికాయ చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని, బుట్ట నోరు అల్లే లెక్క పెదాలతో అన్నాడు. ఒకటి పైకి, రెండు కిందికి, ఒకటి వదిలి, రెండు పైకి. తర్వాత కాయ కొట్టాడు. ఆ లెక్కను ఆ ఇళ్లలో ఒక్కరూ ఎన్నడూ చెవిన పెట్టింది లేదు. ఇప్పుడు అందరూ చేతులు జోడించి విన్నారు. విప్పిన కట్టు నిలవాలంటే ఏం చేయాలో చెప్పమన్నారు. గాలయ్య పాత మాటే చెప్పాడు. ముందుకొచ్చినదాన్ని గంగమ్మకు విడవండి. ఈసారి బుచ్చయ్య కూడా తల ఊపాడు.

మరుసటి వానకాలం వరదకు పైగుంటల్లోంచి కొన్ని రొయ్యలు కొట్టుకొచ్చాయి. చెప్పిన రోజున అండాలు అందరి ముందర బండ ఎక్కింది. ఆ మడుగులో బండ ఎక్కి నిలబడిన మొదటి ఆడమనిషి ఆమే. ఎవరూ నోరెత్తలేదు. ఆడవాళ్లు పిల్లలను కొంగుల వెనక్కి లాక్కున్నారు. అప్పటికి నడక పోయిన గాలయ్యను మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టారు. ఆమె బుట్ట లేపింది. లోపల మూడు ఉన్నాయి. తడి చెయ్యి చాచింది. రెండు వెనక్కి ఎగిరాయి. ఒకటి మీసాలు ఆడిస్తూ వేళ్ల మీదికి నడిచి వచ్చింది.

గాలయ్య మంచం పట్టె పట్టుకుని ముందుకు ఒరిగాడు.

నర్సింగమ్మ పళ్లెం పట్టుకుని బండ దగ్గరికి వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, సున్నం కలిపిన ఎర్రనీళ్లు. కట్టు విడిచిన రొయ్యను ఊరికే ఎట్లా విడుస్తారు? ఇందాక మిగతా ఇళ్లవాళ్లు విడిచినవాటికి కూడా అట్లాగే చేశారట. గాలయ్య ఒడ్డు నుంచి చెయ్యెత్తాడు.

"పసుపు ముట్టియ్యకుండ్రి. సున్నం తాకితె సస్తది. ఊరికెనే ఇడువుండ్రి."

"పసుపు లేకుంటె కట్టెట్ల ఇడుస్తది గాలన్నా?" అన్నది నర్సింగమ్మ మెల్లగా, భయంగా. "నువ్వు ఇప్పినవు, మేం నిలుపుకోవద్దా?"

అండాలు తండ్రి వైపు చూసింది. తర్వాత తన మీదే నిలిచిన అన్ని కళ్ల వైపు చూసింది. కట్టు విప్పినవాడి బిడ్డ కాబట్టి ఆ బండ మీద నిలబడింది. కట్టు లేదంటే ఆ బండ కూడా లేదు. ఆమె రొయ్యను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. నెత్తి మీద, వీపు మీద, తోక దాకా పసుపు రాసింది. ఎర్రనీళ్లలో ముంచింది. మూడుసార్లు దిష్టి తీసినట్టు తిప్పి నీళ్లలోకి విడిచింది.

రొయ్య ఒకసారి వెల్లకిలా తిరిగి అక్కడే తేలింది. ఒడ్డున ఉన్నవాళ్లంతా దానికి దండం పెట్టారు. అండాలు బుట్టలో మిగిలిన రెండు బెదురు రొయ్యలను కుండలో వేసుకుని, తన బండ మీద మళ్లీ బుట్ట దించింది.